ఇంగ్లండు చరిత్రకు ఊఁ కొట్టినవాళ్ళు

టూరు మేనేజరు పనిలో చేరబోయే పిల్లలు ఎవరు కలిసినా నన్ను మొదట అడిగేది ఒకటే. "మేడం, ఎన్ని దేశాలు చూసిండ్రు?" అంటారు. నేను ఎక్కువ దేశాలు చూడలేదు. ఒకే దేశాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. తాండూరు, వికారాబాదు చుట్టుపక్కల మనుషులను వెంటబెట్టుకుని ఇంగ్లండులో కోటలు, మఠాలు, యుద్ధభూములు తిప్పి, ఆ దేశపు చరిత్ర చెప్పి, అందరినీ క్షేమంగా ఇళ్ళకు చేర్చడం నా ఉద్యోగం. ఇప్పుడు రిటైరై తాండూరులో ఉంటున్నాను. పక్క వీధిలో బండలు పాలిష్ పట్టే మిషన్ల రొదలో కూర్చుని ఇది రాస్తున్నాను. వీసాల సంగతి, విమానం టికెట్ల సంగతి రాయను. అవి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

మాది బంట్వారం దగ్గర పల్లె. కురుమలం. నాన్న గొర్రెలు కాశాడు. నేను చరిత్రలో ఎమ్మే చేసి వికారాబాదులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. ఇంగ్లండు చరిత్ర ఎవరూ చెప్పనంటే కొత్తగా వచ్చిన నా నెత్తిన పెట్టారు. ఎన్నడూ చూడని కోటల గురించి, పేర్లు సరిగా నోరు తిరగని రాజుల గురించి చెబుతుంటే వెనక బెంచీలు హాయిగా నిద్రపోయేవి. ఆ కాలేజీ మూతపడ్డాక హైదరాబాదులో ఒక ట్రావెల్స్ కంపెనీలో చేరాను. యజమాని పేరు రామ్మోహన్ గారు. చేరిన రోజే నా పేరు ఆయనకు నచ్చలేదు. "మల్లమ్మ అంటే కస్టమర్లు ఏమనుకుంటారమ్మా, మల్లిక అని పెడదాం" అని బ్యాడ్జీ చేయించారు. జీతం కావాలి కనుక మెడలో వేసుకున్నాను.

వెనక నడవాలి

జెండా పట్టుకుని ముందు నడిచే మనిషే టూరు మేనేజరని అందరూ అనుకుంటారు. నేను ఆ జెండాను గుంపులో చురుకైన మనిషికి ఇచ్చేసి చివర్లో నడిచేదాన్ని. ఇది కంపెనీ నేర్పిన విద్య కాదు. చిన్నప్పుడు నాన్న వెంట మేతకు పోయినప్పుడు ఎగురుకుంటూ ముందుకు ఉరికేదాన్ని. "ముంగట ఉరికితే ఏం గనవడ్తది బిడ్డా? ఎనుక నడువు. కుంటేది ఎనుకనే ఉంటది" అనేవాడు.

ఒకసారి కాంటర్బరీలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారికి కోపం వచ్చింది. "ఏందమ్మా, మమ్ముల్ని గొర్ల లెక్క తోలుతున్నవు?" అన్నాడు.

"మా నాయిన ఒక్క గొర్రెను గూడ పోగొట్టుకోలే సార్" అన్నాను. ఆయన నవ్వి నడిచాడు. కాసేపటికి ఆయన చెప్పు తెగితే మొదట చూసింది కూడా నేనే.

ముందు కడుపు, తరువాత కోట

ఆకలేసిన మనిషికి పదకొండో శతాబ్దం వినబడదు. ఇది నా అనుభవంలో తేలిన మొదటి సత్యం. రాజవంశాల వరుస నోటికి రాకపోయినా ఫరవాలేదు గాని, అన్నం ఎక్కడ దొరుకుతుందో, మరుగుదొడ్డి ఎటువైపుందో తెలియకుండా కోట గేటు దాటవద్దు. సూట్‌కేసులో నేను పుస్తకాల కంటే ఎక్కువ మోసింది పచ్చళ్ళూ, సకినాలూ, మోకాళ్ళకు రాసుకునే మందూ.

బయలుదేరే ముందు అందరినీ ఒక ఆదివారం వికారాబాదులో కలిసి అనంతగిరి గుట్ట నడిపించేదాన్ని. కార్లో ఎక్కుతామంటే ఒప్పుకునేదాన్ని కాదు. గుట్ట మీద ఆయాసపడేవాళ్ళకు అక్కడే చెప్పేదాన్ని, "పెద్దనాయినా, లండన్ కోటల నువ్వు కింద కూసుంటవు, పైన సంగతి నేను కిందికొచ్చి జెప్త" అని. అక్కడికి పోయాక మెట్ల మధ్య చెబితే అవమానం అవుతుంది. ఇక్కడ మన గుట్ట మీద చెబితే నవ్వుకుంటారు.

కోహినూరు దగ్గర

మొదట్లో నన్ను మామూలు లండన్ టూర్ల మీద పంపేవారు. బస్సు దిగడం, ఫోటో దిగడం, బస్సెక్కడం. లండన్ కోటలో రాజుగారి నగల గది మాత్రం ఎవరూ వదలరు. అక్కడ కోహినూరు ఉన్న కిరీటం ముందు కింద నేలే కదులుతూ ఉంటుంది. మనం నిలబడ్డా అది మనల్ని ముందుకు లాక్కుపోతుంది. ఫోటో తీయనివ్వరు. తాండూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ కదిలే పట్టీ మీద వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. పట్టీ ఆయన్ను ముందుకు లాగుతుంటే ఆయన వెనక్కి నడుస్తూ రాయి ఎదుటే నిలబడ్డాడు. వెనకున్న దొరలందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"మనదే రాయి. మనల్నే నిలవడనియ్యరా?" అన్నాడు ఆ పెద్దమనిషి నాతో.

బతిమాలి బయటికి తెచ్చాను. ఆ రోజు బస్సులో ఫోటోలు ఎవరూ చూసుకోలేదు. గోల్కొండ రాజ్యపు గనుల్లో దొరికిందని చెప్పే రాయి ఢిల్లీకి ఎట్లా పోయింది, ఇరాను వాడి చేతికి ఎట్లా చిక్కింది, లాహోరు నుంచి ఇంగ్లండు రాణికి ఎవరిచ్చారు, ఇచ్చారా, లాక్కున్నారా అని వరసగా ప్రశ్నలు. నాకు చాలా సంతోషం వేసింది. కాలేజీలో వెనక బెంచీ ఒక్కరోజు కూడా ఒక్క ప్రశ్న వేయలేదు. వీళ్ళకు చరిత్ర కావాలి, అడిగి చెప్పించుకునే చోటే లేదు అనుకున్నాను.

రామ్మోహన్ గారు

హైదరాబాదు రాగానే రామ్మోహన్ గారి గదికి వెళ్ళి, ఒక్క ఇంగ్లండు చరిత్ర కోసమే ఒక టూరు వేద్దామన్నాను. ఆయన మంచి వ్యాపారి. జబ్బుపడిన కస్టమరును సొంత మనిషిలా చూసుకునేవారు. చరిత్ర అంటే మాత్రం ఆయనకు గిట్టదు.

"మనవాళ్ళకు చరిత్ర వద్దమ్మా. ఫోటో కావాలి, షాపింగు కావాలి, సాయంత్రానికి పప్పన్నం కావాలి. కూలిపోయిన గోడలు చూడ్డానికి ఎవరొస్తారు?"

"వస్తారు సార్."

"అయితే మనుషుల్ని నువ్వే తెచ్చుకో. ఒక్క టూరు. ఫిర్యాదులు వచ్చాయా, నువ్వు మళ్ళీ వీసా డెస్కులో కూర్చోవాలి. బయటికి పంపేది లేదు. చరిత్ర మాట నా దగ్గర ఎత్తకూడదు."

వీసా డెస్కు అంటే నాకు భయం. కిటికీ లేని గది, ఇతరుల ప్రయాణాల కాగితాలు. నడివయసు దాటాను, ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అయినా సరేనన్నాను. సెలవు పెట్టి తాండూరు, యాలాల్, కరణ్‌కోట తిరిగాను. పాలిష్ మిషన్ల మధ్య నిలబడి అరిచి చెప్పాను. మొత్తానికి ఒక బస్సు నిండింది.

అందులో మీకు ముగ్గురు తెలియాలి. నర్సింలు సేటుకు తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉంది. ఇంగ్లండులో దిగిన దగ్గర నుంచి ఎక్కడికెళ్ళినా గోడను వేలితో కొట్టి చూసేవాడు. దేవదానం సారు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ నాన్న వాళ్ళు పొలాల్లో కూలికి పోయినవాళ్ళు. పెద్ద చర్చీలు కళ్ళారా చూడాలని వచ్చాడు. మూడో మనిషి యాలాల్ ఎల్లవ్వ. మా కులమే. బ్యాంకులో పనిచేసే బిడ్డ సుజాత పట్టుబట్టి తీసుకొచ్చింది. అందరూ కోట్లు కొనుక్కుంటే ఎల్లవ్వ ఇంటి నుంచి నల్ల గొంగడి తెచ్చుకుంది.

గోడలే గోడలు

ఆ టూరు కోసం కంపెనీ కొత్త మిషన్లు ఇచ్చింది. నా మెడలో చిన్న మైకు, అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను ఎంత నెమ్మదిగా మాట్లాడినా అందరికీ వినబడుతుంది. నాకు గొప్పగా అనిపించింది. లండన్ కోటలో, విండ్సరులో, కాంటర్బరీలో కాలేజీ నోట్సులో ఉన్నదంతా ముచ్చటైన పుస్తక భాషలో ఒలకబోశాను. ఎదురుగా ఉన్న ముఖాల్లో ఏ మార్పూ లేదు. ఎవరి చెవులు వాళ్ళవి, ఎవరి చూపు వాళ్ళది. నర్సింలు సేటు ఒక చెవిలో నన్ను పెట్టుకుని ఇంకో చెవి దగ్గర ఫోనులో లారీ లోడు సంగతి మాట్లాడుకుంటున్నాడు.

రామ్మోహన్ గారికి ఒక అలవాటుంది. టూరులో ఉన్నవాళ్ళలో ఒకరికి రోజూ టిఫిన్ల వేళ ఆయనే ఫోను చేసి ఎట్లుందని అడుగుతారు. ఆ టూరుకు నర్సింలు సేటును పట్టుకున్నారు. ఉత్తరాన యార్క్‌షైర్‌కు బయలుదేరే రోజు ఇడ్లీ లేని టిఫిను ముందు కూర్చుని సేటు ఫోనులో అన్న మాట నా చెవిన పడింది.

"మస్తు గోడలున్నయి సార్. గోడలే గోడలు. మా తాండూర్ల లేవా గోడలు?"

వెంటనే ఫోను నాకు వచ్చింది. "మల్లికా, ఈ ఒక్కరోజు చూస్తాను. రేపు ఉదయం కూడా ఇదే మాట వింటే మిగతా రోజులన్నీ షాపింగుకు మార్చేస్తాను. నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

ఉన్ని గోదాంలో వాన

ఆ రోజు చూడాల్సింది ఫౌంటెన్స్ ఆబీ అనే పాడుబడ్డ మఠం. బస్సు దిగి చాలా దూరం నడిచాక చూసుకుంటే ఇయర్‌ఫోన్ల పెట్టె బస్సులోనే ఉండిపోయింది. డ్రైవరు బస్సు తీసుకుని ఎక్కడికో పోయాడు. అప్పుడే వాన పట్టుకుంది. ఎల్లవ్వ గొంగడి తల మీదుగా కప్పుకుంది. మిగతావాళ్ళం పరుగెత్తి ఆ శిథిలాల్లో పైకప్పు మిగిలిన ఒకే ఒక్క చోటికి చేరాం. పొడుగాటి రాతి సావడి. రెండు వైపులా కమానులు, మధ్యలో స్తంభాల వరుస. మనుషులు దగ్గర దగ్గరగా నిలబడ్డారు. చెవుల్లో ఏమీ లేవు.

"మల్లికమ్మా, గిది ఎవరి గోదాం?" అంది ఎల్లవ్వ. అని, నా బ్యాడ్జీ వంక చూసి, "మల్లిక ఏందే? మీ అయ్య గా పేరు వెట్టిండా?" అంది.

"లేదవ్వా. మల్లమ్మ."

"గట్ల జెప్పు. ఎవరి గోదామే మల్లమ్మా?"

"ఉన్ని గోదాం అవ్వా."

"ఊఁ" అంది.

ఆ ఊఁ విని నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా చిన్నాయన ఒగ్గు కథ చెప్పేవాడు. పక్కన ఒకడు మాట అందుకోకపోతే నోరు తెరిచేవాడు కాదు. మా అమ్మ కథ చెబుతూ మేము ఊఁ కొట్టడం ఆపితే నిద్రపోయామనుకుని ఆపేసేది. ఇన్నాళ్ళూ నేను అందరి చెవులూ మూసి కథ చెప్పాను. ఊఁ అన్నా నాకు వినబడేది కాదు. అసలు ఎవరూ అనలేదు. నోట్సు భాష వదిలేశాను.

"ఇనుండ్రి. గీ మఠంల సన్నాసులు రంగెయ్యని ఉన్ని బట్ట కట్టేటోళ్ళు. తెల్ల గొంగడి అనుకోండ్రి."

"ఊఁ."

"ఊర్లకు దూరంగ దేవుణ్ణి తలుసుకుంట బతుకుదమని గీ అడివిలకొచ్చిండ్రు."

"ఊఁ."

"గీడ పంట సరిగ పండది. గడ్డి పండుతది. గడ్డి ఉంటె ఏమొస్తయి?"

"గొర్లు" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

ఇక ఆగలేదు. గుట్టల నిండా మఠం వాళ్ళ మందలు పెరిగిన సంగతి చెప్పాను. ఉన్ని మూటలు మేము నిలబడ్డ చోటే నింపి, సముద్రం దాటించి పరదేశం నేతగాళ్ళకు అమ్మిన సంగతి చెప్పాను. కత్తిరించకముందే, రాబోయే ఏండ్ల ఉన్నిని కూడా ముందే అమ్ముకున్నారని చెబితే ఎల్లవ్వ ఊఁ కొట్టడం మానేసి, "గజ్జి వస్తేనో?" అంది.

"వచ్చిందవ్వా. మందలు మందలు పోయినయి. మఠం దివాలా తీసినంత పనైంది."

"అయ్యో" అన్నారు ఆడవాళ్ళు. ఏడు వందల ఏండ్ల కిందటి ఇంగ్లండు గొర్రెల కోసం యాలాల్, తాండూరు ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. నేను పట్టరాని గర్వంతో చుట్టూ చూశాను.

దేవదానం సారు ముందుకొచ్చాడు. "గొర్లు కాస్తుంటె మరి ప్రార్థన ఎప్పుడమ్మా?"

"ప్రార్థన చేసేటోళ్ళు వేరే సార్, కాసేటోళ్ళు వేరే. ఇద్దరూ సన్నాసులే. కాసేటోళ్ళు గీ గోదాం మీదింట్ల పండుకునేటోళ్ళు."

"అంటే దేవుని ఇంట్ల గూడ కూలోళ్ళున్నరన్నట్టు" అన్నాడు సారు. కాలేజీలో నేను ఏడాదంతా చెప్పినా ఆ వాక్యం ఒక్క పరీక్ష పేపరులో రాలేదు.

నర్సింలు సేటు ఫోను జేబులో పెట్టేశాడు. అది నేను చూశాను. స్తంభాన్ని వేలితో కొట్టి, "గింత మంచి కట్టడం, మిగతా కప్పంత ఎవడు పీకిండు?" అన్నాడు.

"రాజు పీకిచ్చిండు సేటూ. ఎనిమిదో హెన్రీ. ఆయనకు మొగపిల్లగాడు కావాలె. భార్యకు వయసైపోయింది. ఇంకో పెండ్లి చేసుకుంట అన్నడు."

"మొదటామె సచ్చిపోయిందా?" అంది ఎల్లవ్వ.

"బతికే ఉన్నది."

"వాని పాడుగాను!"

"రోముల ఉన్న పెద్ద గురువు గా పెండ్లి కుదరదన్నడు. అయితె నా రాజ్యంల నేనే గురువు అన్నడు రాజు. మఠాలన్ని మూపిచ్చిండు. కప్పు మీది సీసం కరగబోసి తీస్కపోయిండ్రు. గంటలు తీస్కపోయిండ్రు."

"రాళ్ళో?"

"పక్కన గా పెద్ద బంగ్లా జూసినవా? దానికి గీ మఠం రాళ్ళే వాడిండ్రు."

"గదీ! దొరికిన మంచి రాయిని ఎవ్వడిడుస్తడు?" అన్నాడు సేటు తృప్తిగా.

వాన ఎప్పుడో వెలిసింది. ఒక్కరూ కదలలేదు. మేము ఎంతకూ రాకపోయేసరికి డ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు. తిరిగి వెళ్ళే దారిలో కంచె అవతల గొర్రెల మంద కనబడితే ఎల్లవ్వ ఆగి, నాలుకతో చప్పుడు చేసి, ఇంటి దగ్గర పిలిచినట్టే పిలిచింది. మంద మొత్తం తోకలు చూపించి అటువైపు పారిపోయింది. "ఇంగ్లీషు గొర్లే. మన మాట తెల్వది వాటికి" అని ఆమె నవ్వింది. బస్సులో అందరూ ఒకే మాట మాట్లాడుకున్నారు. హెన్రీ రెండో భార్య గతి ఏమైంది? నేను చెప్పలేదు. "రేపు" అన్నాను.

మర్నాడు టిఫిన్ల వేళ ఫోను మోగింది. నర్సింలు సేటు అందరికీ వినబడేట్టు పెట్టాడు.

"ఏం సేటూ, గోడలేనా? షాపింగుకు మార్చమంటారా?" అన్నారు రామ్మోహన్ గారు.

"షాపింగా? ఎట్ల సార్? రెండో పెండ్లాం కాడికొచ్చి ఆగింది కథ. ఇంక నలుగురున్నరట. ఇప్పుడు ఆపితె ఎట్ల?"

బల్ల చుట్టూ నవ్వులు. "సరే, కానివ్వండి" అన్నారు ఆయన. నేను బాత్రూములోకి పోయి, తలుపేసుకుని, కాలేజీ పిల్లలా ఒక గెంతు గెంతాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఉన్ని మూట

ఆ టూరులో చివరగా లండన్ పార్లమెంటుకు వెళ్ళాం. ప్రభువుల సభలో సింహాసనం ముందు ఎర్ర బట్ట చుట్టిన పెద్ద మెత్తటి దిమ్మ ఉంటుంది. వీపు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు. సభ నడిపే మనిషి దాని మీద కూర్చుంటాడు. అది ఉన్ని మూట. ఆ దేశపు సంపదంతా గొర్రెల వీపు మీద నుంచే వచ్చిందని మరిచిపోకుండా ఉండేందుకు వందల ఏండ్ల కిందట ఒక రాజు పెట్టించాడని చెబుతారు.

నేను ఎల్లవ్వ పక్కన నిలబడి చిన్నగా ఇదంతా చెప్పాను. ఆమె ఊఁ కొట్టలేదు. గొంగడి సర్దుకుని, ఆ మూట వైపు, పైన బంగారు పూత వైపు, మళ్ళీ మూట వైపు చూసింది.

"రాజ్యమంత మన ఉన్ని మీదనే కూసున్నదన్నట్టు" అంది.

"అవునవ్వా. ఒకపాలి ఇప్పి చూస్తే లోపల గుర్రం వెంట్రుకలు ఎల్లినయట. మళ్ళ ఉన్ని నింపిండ్రు."

"నింపుతరు. ఉన్ని అని జెప్పి బూరుగు దూది కుక్కేటోళ్ళు గీడ గూడ ఉన్నరన్నట్టు!"

సుజాత పకపక నవ్వింది. అక్కడి మనిషి మమ్మల్ని మందలించాడు. నేను క్షమించమని అడిగాను గాని, లోపల మాత్రం నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. బంట్వారం దగ్గర గొర్రెల మంద వెనక నడిచిన పిల్లను, ప్రభువుల సభలో నిలబడి యాలాల్ ఎల్లవ్వకు ఇంగ్లండు చరిత్ర చెబుతున్నాను. మా ఇంటి పని గురించి చెబుతున్నట్టే చెబుతున్నాను. బ్యాడ్జీ తీసి సంచిలో పడేశాను. హైదరాబాదు వచ్చాక కొత్తది అడిగి చేయించుకున్నాను. దాని మీద మల్లమ్మ అని రాయించాను. రామ్మోహన్ గారు చూశారు. నోటితో మాత్రం మల్లికా అనే పిలిచేవారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

ఆ టూరు తరువాత ఏటా వేశాం. ఇయర్‌ఫోన్లు వద్దని తిప్పి పంపేశాను. పెద్ద పెద్ద చోట్ల, తప్పనిసరి అన్నచోట వాడండి, కాదనను. కాని కథ చెప్పే చోట మనుషుల్ని దగ్గరికి పిలవండి. ప్రతి గుంపులోనూ మొదటి రోజే ఊఁ కొట్టే మనిషిని వెతికి పట్టుకోండి. తెలివైనవాణ్ణి పెట్టుకోవద్దు. వాడు ఊఁ అనడు, అది నాకు తెలుసంటాడు. బాగా మాట్లాడేవాణ్ణి పెట్టుకోవద్దు, మీ కథ వాడే చెప్పేస్తాడు. తరువాత ఏమైందో నిజంగా తెలుసుకోవాలనుకునే మనిషి ప్రతి బస్సులో ఒకరుంటారు. చాలాసార్లు కిటికీ పక్కన, మాట్లాడకుండా కూర్చుని ఉంటారు.

చెప్పేది తెలియకపోతే తెలియదనండి. పుస్తకాలు చదవండి, ఒకటి కాదు, ఒకదానితో ఒకటి పడనివి చదవండి. ఇంగ్లీషువాడు చెప్పినట్టే ఇంగ్లండు చరిత్ర చెప్పాలని రూలేమీ లేదు. తేదీలు వాళ్ళవే గాని, గొర్రె గజ్జి, రాతి దొంగతనం, రెండో పెండ్లి మనకూ తెలుసు. మనకు తెలిసిన చోటు నుంచి మొదలుపెడితే తెలియని చోటికి మనుషులు వాళ్ళంతట వాళ్ళే నడిచి వస్తారు. మీరు వెనక నడిస్తే చాలు.

నా ఆఖరి టూరుకు పేర్లిచ్చినవాళ్ళలో రామ్మోహన్ గారు కూడా ఉన్నారు. వ్యాపారం తమ్ముడికి అప్పజెప్పి, మామూలు ప్రయాణికుడిలా పచ్చడి సీసా పట్టుకుని వచ్చారు. అనంతగిరి గుట్ట కూడా నడిచారు, ఆయాసపడుతూనే. టూరంతా ఎక్కడా నోరు విప్పలేదు. వెనక వరుసలో చేతులు కట్టుకుని నిలబడేవారు. పరీక్ష పెట్టడానికి వచ్చారేమోనని నాకు లోలోపల కొంచెం గుబులు.

చివరగా హేస్టింగ్స్ యుద్ధం జరిగిన గుట్ట దగ్గరికి వెళ్ళాం. ఇప్పుడు అక్కడ ఉన్నది పచ్చిక, ఏటవాలు, ఒక పక్కన మఠం గోడలు. రామ్మోహన్ గారి భాషలో చెప్పాలంటే చూడ్డానికి ఏమీ లేదు. గుంపును గుట్ట మీద నిలబెట్టి నేను వాళ్ళకు ఎదురుగా దిగువన నిలబడ్డాను.

"మీరే హెరాల్డు రాజు సైన్యం. డాలుకు డాలు ఆనిచ్చి, సందు లేకుంట నిలవడ్డరు. సముద్రం దాటొచ్చిన విలియం గీ కిందున్నడు. పొద్దుగాల సంది ఎక్కస్తనే ఉన్నడు, మీరు నూకుతనే ఉన్నరు. గోడ పగుల్తలేదు. గప్పుడు విలియం మనుషులు ఎనుకకు మర్లి ఉరుకుడు వెట్టిండ్రు. పారిపోతుండ్రని మీరు డాళ్ళ గోడ ఇడిసి, ఎంటవడి కిందికి ఉరికిండ్రు..."

అక్కడ ఆపాను. ఎప్పుడూ అక్కడే ఆపుతాను. ఆ గుంపులో ఊఁ కొట్టడానికి నేను పెట్టుకున్న పెద్దాయన సరిగ్గా అప్పుడే దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. కథ నా నోట్లో ఆగిపోయి ఉంది.

వెనక వరుసలో రామ్మోహన్ గారు కట్టుకున్న చేతులు విప్పారు. ఒక అడుగు ముందుకు వేశారు.

"ఊఁ" అన్నారు. "తరువాత ఏమైంది, మల్లమ్మా?"